డబ్బింగ్ పాట మన పాటేనా? 2024 జాబితాలో 'హే రంగులే' మీద గొడవ (చెన్నై తెలుగువాళ్ల ఆన్‌లైన్ వేదికలో చర్చ, 2024 డిసెంబర్)

మాంబళం మనిషి

2024లో నాకు బాగా నచ్చిన పది పాటలు మొన్న ఇక్కడ పెట్టాను కదా. మొదటి స్థానం 'హే రంగులే'కి ఇచ్చాను. రాత్రికల్లా వరసపెట్టి తలంటారు. "అది డబ్బింగ్ పాట, తెలుగు పాటల జాబితాలో ఎలా పెడతావు, తీసెయ్" అని. నేను తీయను. ఎందుకో చెప్తాను, కాదనేవాళ్లు కారణంతో కాదనండి.

అక్టోబర్ 31, దీపావళి రోజు రెండు సినిమాలు వచ్చాయి. ఒకటి 'లక్కీ భాస్కర్', నేరుగా తెలుగులో తీసిన సినిమా. రెండోది 'అమరన్', తమిళం నుంచి మనకు డబ్ అయి వచ్చింది. రెండింటికీ సంగీతం జి.వి. ప్రకాశ్ కుమారే. మొదటిదాంట్లో 'శ్రీమతి గారు', రెండోదాంట్లో 'హే రంగులే'. శ్రీమతి గారు నా జాబితాలో నాలుగో స్థానంలో ఉంది. దాని మీద ఒక్కరూ నోరెత్తలేదు.

ఎవరు పాడారో చూడండి మరి. శ్రీమతి గారు పాడింది విశాల్ మిశ్రా, శ్వేతా మోహన్. ఈ శ్వేతా మోహనే హరిచరణ్‌తో కలిసి తమిళంలో 'హే మిన్నలే' పాడింది. అదే బాణీకి తెలుగులో హే రంగులే పాడింది అనురాగ్ కులకర్ణి, రమ్య బెహరా. రాసింది రామజోగయ్య శాస్త్రి. అంటే స్ట్రెయిట్ పాటలో గొంతులు బయటివి, డబ్బింగ్ పాటలో గొంతులు మనవి. సంగీతం చేసినాయన ఒక్కడే. సినిమాలు విడుదలైన రోజూ ఒక్కటే. ఒకటి మన పాట, ఇంకొకటి కాదు అనడానికి మీ దగ్గరున్న కొలబద్ద ఏంటి?

గోదారి గళం

అన్నా, తలంటినవాళ్లలో నేనూ ఉన్నాను కాబట్టి జవాబు నేనే చెప్తాను.

గొంతు ఎవరిది, కలం ఎవరిది అన్నది నా లెక్కలో లేదు. పాట ఏ మాట కోసం పుట్టింది అన్నది లెక్క. ఆ బాణీ కట్టేటప్పుడు ఎదురుగా ఉన్నది తమిళ కథ, తమిళ దర్శకుడు, తమిళ పల్లవి. తెలుగు రచయితకు చేతికొచ్చేసరికి అంతా అయిపోయింది. ఎక్కడ ఆగాలి, ఎక్కడ సాగాలి, ఎన్ని అక్షరాలు పట్టాలి, అన్నీ ముందే బిగించేశారు. కుట్టేసిన చొక్కా ఇచ్చి దాంట్లో పట్టే మనిషిని వెతకమన్నట్టు. శాస్త్రి గారు గొప్పవారు కాబట్టి పట్టే మనిషి దొరికాడు. కానీ చొక్కా మాత్రం వేరేవాడి కొలతలకు కుట్టిందే.

ఇంకో బాధ ఉంది, అసలు బాధ అదే. పది పాటల జాబితా అంటే పది చోట్లే. నువ్వు ఒకటి డబ్బింగ్ పాటకిచ్చావంటే ఒక తెలుగు పాట బయటికి పోయినట్టే. ఫిబ్రవరిలో 'అంబాజీపేట మ్యారేజి బ్యాండు' వచ్చింది. శేఖర్ చంద్ర సంగీతం. కోనసీమ ఊరు, బ్యాండు మేళం వాళ్ల బతుకు, అక్కడి యాస. అందులో 'గుమ్మా' పాట నీ పదిలో లేదు. పెద్ద హీరో లేడు, అలాంటి పాటని మనం కూడా పట్టించుకోకపోతే ఎవరు పట్టించుకుంటారు? హే రంగులేకి నీ ఓటు అక్కర్లేదు. దాన్ని షోలింగనల్లూరు నుంచి మధ్య కైలాష్ దాకా మెట్రో పనుల ట్రాఫిక్‌లో ఇరుక్కున్న ప్రతి రెండో తెలుగువాడి కారులోనూ విన్నాను.

మాంబళం మనిషి

తమ్ముడూ, ముందు బాణీ, తర్వాత మాట అన్నది డబ్బింగ్‌కే ఉన్న జబ్బు కాదు. ఇప్పుడు స్ట్రెయిట్ పాటలూ దాదాపు అన్నీ అలాగే వస్తాయి. సంగీత దర్శకుడు 'తననా' అని పంపిస్తాడు, కవి దాంట్లో మాటలు నింపుతాడు. నీ చొక్కా లెక్కన చూస్తే అందరూ కుట్టిన చొక్కాలోనే దూరుతున్నారు.

బీట్ బాబు

ఇంత చర్చ అవసరమా బ్రో? సంవత్సరం పాట అంటే 'కుర్చీ మడతపెట్టి'. జనవరి 12న గుంటూరు కారం వచ్చింది, డిసెంబర్ అయిపోతున్నా మా అపార్ట్‌మెంట్‌లో ఏ ఫంక్షన్ అయినా అది లేకుండా ముగియదు. తమిళవాళ్లు, మలయాళీలు, ఢిల్లీవాళ్లు, మాట అర్థం కాకపోయినా అందరూ లేచి ఎగురుతారు. తమన్ కొట్టిన కొట్టుడు అలాంటిది. అది పదో స్థానంలో పెట్టినందుకు నీ మీద కేసు వెయ్యాలి.

గోదారి గళం

చూశావా అన్నా, అదీ రామజోగయ్య శాస్త్రి గారే రాశారు. యూట్యూబులో ఎవరో తాతగారు అన్న మాట వైరల్ అయితే దాన్ని పల్లవి చేశారు. నాకు ఆ పాట అంతగా ఎక్కదు. కానీ అది మన వీధిలో పుట్టిన మాట. తమిళంలోకి తీసుకెళ్తే చచ్చిపోతుంది. నేను చెప్పేది అదే. మన పాట అంటే అక్కడ పెకలించి ఇక్కడ నాటడానికి వీల్లేనిది.

మాంబళం మనిషి

అంటే శాస్త్రి గారు సొంత ఊహతో రాసింది మనది కాదు, యూట్యూబులో దొరికిన మాటతో కట్టింది మనది. బాగుంది న్యాయం.

ట్రాక్ పాడేవాడు

నేను సాలిగ్రామంలో ఉంటాను. కోరస్‌లు, ట్రాక్‌లు పాడుతుంటాను, ఈ డబ్బింగ్ పాటల పని దగ్గరనుంచి చూసినవాణ్ని. అందుకే రెండు మాటలు.

డబ్బింగ్ పాటకు రచయిత దగ్గరికి తమిళ పాట మొత్తం వస్తుంది. గాయకుడికి గొంతు తీసేసిన మ్యూజిక్ ట్రాక్ వస్తుంది. స్ట్రెయిట్ పాటలో తననా అన్నది ఖాళీ, ఎటైనా వంచుకోవచ్చు. అవసరమైతే సంగీత దర్శకుడితో మాట్లాడి ఒక అక్షరం పెంచుకోవచ్చు, ఒక సాగతీత తగ్గించుకోవచ్చు. డబ్బింగ్‌లో ఆ వీలు లేదు, వాయిద్యాలన్నీ పడిపోయి ఉంటాయి. పైగా తెర మీద నటుడు పెదవులు కలుపుతుంటే అక్కడ ప, బ, మ లాంటి అక్షరం పడాలి, లేకపోతే జనం నవ్వుతారు. కాబట్టి మాంబళం గారూ, రెండూ ఒకటే అనకండి. ఒకటి కష్టం, రెండోది మరీ కష్టం.

ఇప్పుడు హే రంగులే దగ్గరికి రండి. తమిళంలో 'మిన్నలే' అంటే మెరుపా అని పిలుపు. మిన్, న, లే. గురువు, లఘువు, గురువు. తెలుగులో 'మెరుపే' అని పెడదామంటే లఘువు, లఘువు, గురువు. తాళం కుంటుతుంది. డబ్బింగ్ పాటలు రాసే చెయ్యి ఎవరిదైనా మొదట ఏ మాట మీదికి పోతుందో తెలుసా? 'వెన్నెలే'. వెన్, నె, లే. గురువు, లఘువు, గురువు. చెవికి మిన్నలే లాగే వినిపిస్తుంది, పెదవుల కదలిక కూడా ఇంచుమించు సరిపోతుంది. పావుగంటలో పల్లవి తేలిపోతుంది. అలాంటి డబ్బింగ్ పాటలు మనకు బోలెడు ఉన్నాయి. వెన్నెల, మల్లెలు, గుండె, నిండా అని పాత మాటలతో నింపేసినవి.

ఈయన ఆ తేలిక దారి పట్టలేదు. 'రంగులే' అన్నారు. రం, గు, లే. కొలత అదే, ఊహ వేరు. తమిళంలో ఒక క్షణంలో మెరిసి పోయేది ఉంది. తెలుగులో లోకం మొత్తానికి పూసుకునేది ఉంది. పాట మూడ్ కూడా కొంచెం మారింది. తమిళంలో విన్నప్పుడు నాకు ఆశ్చర్యపోతున్న మనిషి కనిపిస్తాడు, తెలుగులో పండగ చేసుకుంటున్న మనిషి కనిపిస్తాడు. అందుకే దీన్ని అనువాదం అనడానికి నాకు నోరు రాదు. గోదారి గళం అన్న సూత్రం నూటికి తొంభై డబ్బింగ్ పాటలకు సరిపోతుంది. ఈ పాటకు సరిపోదు.

గోదారి గళం

మాస్టారూ, ఇది మంచి మాట. వెన్నెలే సంగతి నాకు తట్టనే లేదు. కానీ మీరు చెప్పింది రచయిత గొప్పతనం. ఉత్తమ డబ్బింగ్ సాహిత్యం అని విడిగా అవార్డు పెట్టండి, మొదటి ఓటు నాదే. ఆ ఏడాది తెలుగు పాట అనే కిరీటం వేరు.

రెండో తరం

నేను చెన్నైలోనే పుట్టాను, ఇంట్లో తెలుగు, బయట తమిళం. తెలుగు చదవడం వచ్చు కానీ మెల్లగా. తప్పులుంటే ఏమనుకోకండి.

మీరిద్దరూ ఒక విషయం వదిలేస్తున్నారు. మనలో చాలామంది ఈ పాట ముందు తమిళంలోనే విన్నాం. ఎఫ్ఎంలో అదే, కాలేజీలో అదే, టీ కొట్టు దగ్గర అదే. నేను హే మిన్నలే విన్నాక చాలా రోజులకు హే రంగులే విన్నాను. నెల్లూరులో ఉన్న మా అమ్మమ్మకు ఫోన్‌లో పంపించాలని వెతికితే దొరికింది. ఆవిడకి చాలా నచ్చింది. నాకు మాత్రం ఎప్పుడు విన్నా లోపల తమిళం వినిపిస్తూనే ఉంటుంది. రమ్య బెహరా గొంతు అద్భుతం, అయినా సరే.

కాబట్టి అంకుల్, నా ప్రశ్న వేరే. చెన్నైలో బతికే తెలుగువాళ్ల జాబితాలో తమిళ పాట తమిళంగానే ఎందుకు ఉండకూడదు? హే మిన్నలే నాకు మొదటి స్థానం. హే రంగులే కాదు. మీరు నిజంగా ముందు ఏది విని ఇష్టపడ్డారు? తెలుగు జాబితా అన్నారు కదా అని తమిళ ఇష్టానికి తెలుగు పేరు పెడుతున్నారేమో!

మాంబళం మనిషి

అమ్మాయీ, నువ్వు మా ఇద్దరినీ ఒకే దెబ్బకు పడగొట్టావు. నేను ముందు తెలుగే విన్నాను. మౌంట్ రోడ్డు కేసినో థియేటర్లో తెలుగు సినిమా వేస్తే వదలని బాపతు మేము. కానీ నీ ప్రశ్న మంచిది. ఇక్కడ అందరూ తెలుగు పాటలే అనుకుని వచ్చారు, ఎవరూ అలా రాసి పెట్టలేదు.

బీట్ బాబు

అయితే నేను తమిళ పాట 'మట్ట' పెట్టొచ్చా?

పెరంబూరు పెద్దాయన

నాయనా, మీ చర్చ చదువుతుంటే నవ్వొస్తోంది. ఈ ఊళ్లో ఈ గొడవ నేను పుట్టకముందు నుంచీ ఉంది.

ఇప్పుడు కచేరీల సీజన్ నడుస్తోంది కదా. సభల్లో సగానికి పైగా తెలుగు కీర్తనలే పాడతారు, తమిళులు తాళం వేస్తూ వింటారు. ఇది మా పాట కాదని ఎవరూ లేవరు అని మీరు అనబోతారేమో. లేచారు. తమిళ ఇసై ఉద్యమం అందుకే వచ్చింది. మా ఊళ్లో మా భాషలో పాడండి అని రాజా అన్నామలై చెట్టియార్ లాంటి పెద్దలు పట్టుబట్టారు, 1943లో తమిళ ఇసై సంఘం పెట్టారు. ఇక్కడి ప్యారిస్ కార్నర్ వైపు వెళ్తే రాజా అన్నామలై మన్రం కనిపిస్తుంది, అది వాళ్లదే. వాళ్ల వాదన ఏంటి? అచ్చంగా మన గోదారి గళం వాదనే. ఉన్న పది చోట్లూ పరాయి పాటలకే ఇస్తే మా పాట ఎక్కడ పాడాలి అని. అది తప్పని నేను అనను. దానివల్ల తమిళ పాటలు వేదికెక్కాయి, మంచిదే జరిగింది. త్యాగరాజు మాత్రం ఎక్కడికీ పోలేదు.

సినిమా సంగతికొస్తే, 1978లో మరోచరిత్ర వచ్చింది. బాలచందర్ తీశాడు, ఆత్రేయ పాటలు, ఎం.ఎస్. విశ్వనాథన్ సంగీతం. దాన్ని తమిళంలోకి మార్చకుండా తెలుగులోనే ఇక్కడ వేశారు. సఫైర్ థియేటర్లో ఏడాది దాటి ఆడింది. తమిళ పిల్లలు తెలుగు పాట నేర్చుకుని పాడారు. అందులో సుశీల 'ఏ తీగ పువ్వునో' అని అందుకుంటే హీరో మధ్యలో 'అప్పడిన్నా?' అంటాడు. ఈ ఊళ్లో ఉన్న తెలుగువాళ్లకు ఆ ఒక్క ముక్క వింటే చాలు, నవ్వాగదు. ఇప్పుడు చెప్పు గోదారి అబ్బాయ్, అది ఏ భాష పాట?

గోదారి గళం

తెలుగు పాటే పెద్దాయనా. అందులో తమిళం వచ్చినా అది కథ కోసం వచ్చింది. పుష్ప 2లో 'పీలింగ్స్' మలయాళం లైన్లతో మొదలవుతుంది, అయినా చంద్రబోస్ గారు రాసిన తెలుగు పాటే.

పెరంబూరు పెద్దాయన

సరే. మరి గీతాంజలి? 1989. మణిరత్నం నేరుగా తెలుగులో తీసిన సినిమా. ఇళయరాజా సంగీతం, వేటూరి మాట. తర్వాత తమిళంలోకి డబ్ అయింది, అక్కడ వాలి రాశాడు. ఇవాళ ఏ తమిళుణ్నయినా అడుగు, 'ఓ ప్రియా ప్రియా' మా పాటే అంటాడు. డబ్బింగ్ అని చెప్తే నమ్మడు, పందెం కాస్తాడు. మా ఐసీఎఫ్ రైలు పెట్టెల ఫ్యాక్టరీలో నేను ఇలా చాలా పందేలు గెలిచాను. వాళ్లు దాన్ని తమ జాబితాలో నుంచి తీసెయ్యాలా?

గోదారి గళం

తీసెయ్యమనను. పాతికేళ్లు, ముప్పై ఏళ్లు జనం నోట్లో నలిగితే ఏ పాటైనా ఆ జనానిది అయిపోతుంది. రోజా 1992లో వచ్చింది, తెలుగులో రాజశ్రీ గారు రాశారు. 'చిన్ని చిన్ని ఆశ' డబ్బింగ్ అని మా ఊళ్లో ఇప్పుడు ఎవడికీ గుర్తు లేదు. అదీ మన పాటే, ఒప్పుకుంటాను. కానీ ఆ హక్కు కాలం ఇచ్చింది. సినిమా విడుదలై రెండు నెలలు కాని పాటకు మనం ముందే రాసిచ్చేస్తామా?

ట్రాక్ పాడేవాడు

అన్నా, అయితే హే రంగులేని 2054 జాబితాలో పెట్టమంటారా? అప్పటికి ఈ వేదికా ఉండదు, నా గొంతూ ఉండదు.

రాజశ్రీ గారి పేరు ఎత్తారు కాబట్టి ఒక్క మాట. రోజా విన్న రోజుల్లో అందరూ రెహమాన్, రెహమాన్ అన్నారు, అనాల్సిందే. తెలుగు మాటలు ఎవరివి అని ఎవరూ అడగలేదు. ప్రేమికుడు కూడా ఆయనే. 1994లోనే పోయారు. తర్వాత వెన్నెలకంటి గారూ అంతే, లెక్కలేనన్ని డబ్బింగ్ పాటలు రాశారు. పేరున్న పెద్దలు డబ్బింగ్ పాటలు రాయలేదా అంటే రాశారు, బొంబాయి, సఖి రెండూ వేటూరి గారివే. అయినా "డబ్బింగ్ పాటలా ఉంది" అన్నది మన దగ్గర తిట్టు. ఏడాది చివర మనం పెట్టే జాబితా కూడా ఆ గేటు మూసేస్తే, ఈ పని చేసేవాళ్లకు పేరు వచ్చేది ఎక్కడ? మీరు చిన్న సినిమా పాట కోసం బాధపడ్డారు, న్యాయమే. ఈ రచయితల కోసం కూడా అదే బాధ పడండి.

మాంబళం మనిషి

దీనికి తోడు నాదొక అడుగు. మే నెలలో పుష్ప 2 పాట 'సూసేకి' వచ్చింది. శ్రేయా ఘోషల్ ఆరు భాషల్లో తనే పాడింది. హిందీలో 'అంగారోం' అని వచ్చింది. హిందీవాళ్లు తమకు నచ్చిన పాటల్లో దాన్ని చేర్చుకుంటే మనం ఇక్కడ చంకలు గుద్దుకున్నాం. మన పాట చూడు ఎక్కడికి వెళ్లిందో అని స్టేటస్‌లు పెట్టాం. వాళ్లు కూడా "ఇది డబ్బింగ్, మా జాబితాలో ఎందుకు" అని తీసేస్తే మనం ఊరుకుంటామా? మన పాట బయటికి వెళ్తే విజయం, బయటి పాట మన ఇంటికొస్తే డబ్బింగా?

గోదారి గళం

అన్నా, నువ్వే దొరికిపోయావు. మనం స్టేటస్‌లో ఏమని పెట్టాం? "మన పాట హిందీలో" అని. "హిందీ పాట" అని పెట్టలేదు. దేవిశ్రీ బాణీ, పుష్ప కథ, చిత్తూరు యాస, ఇవన్నీ మనవి కాబట్టి హిందీలోకి వెళ్లినా అది తెలుగు పాటే అని గర్వపడ్డాం. సరిగ్గా అదే లెక్కన హే రంగులే ఎవరిది? తెలుగులోకి వచ్చిన తమిళ పాట. సూసేకి మీద హక్కు వదులుకుంటానంటే చెప్పు, హే రంగులే నీకు రాసిచ్చేస్తాను.

రెండో తరం

ఈ పాయింట్ మాత్రం గోదారి గళం అన్నయ్యదే!

పెరంబూరు పెద్దాయన

కాదమ్మా. ఒకే పాట ఇద్దరిదీ ఎందుకు కాకూడదు? ఈ ఊళ్లో బాలు మనవాడా, వాళ్లవాడా? 1966లో మర్యాద రామన్నతో తెలుగులో మొదలుపెట్టాడు. మొన్న సెప్టెంబర్‌లో తమిళనాడు ప్రభుత్వం నుంగంబాక్కంలో ఆయన ఇల్లున్న కామ్‌దార్ నగర్ వీధికి ఆయన పేరు పెడుతున్నట్టు ప్రకటించింది. మనం ఎవరమైనా అభ్యంతరం చెప్పామా? వాళ్లూ మావాడే అన్నారు, మనమూ మావాడే అన్నాం. ఇద్దరికీ లోటు రాలేదు.

గోదారి గళం

మనిషిని ఇద్దరూ పంచుకోవచ్చు పెద్దాయనా. జాబితాలో స్థానాన్ని పంచుకోలేం. నా గొడవంతా ఆ ఒక్క స్థానం గురించే.

బీట్ బాబు

ఒక చిన్న డౌట్. 'గోదారి గట్టు మీద రామచిలకవే' ఎవరూ పెట్టలేదేంటి? ఈ నెల మొదట్లో వచ్చింది, భీమ్స్ సంగీతం, ఇన్నేళ్లకి రమణ గోగుల గొంతు వినపడేసరికి మా నాన్న కూడా లేచి కూర్చున్నాడు. మధుప్రియ కూడా చించేసింది. రోజుకు ఎన్నిసార్లు వింటున్నానో నాకే తెలీదు.

మాంబళం మనిషి

సినిమా సంక్రాంతికి కదా బాబూ, అది 2025 లెక్క. తండేల్‌లో 'బుజ్జి తల్లి' కూడా అందుకే పక్కన పెట్టాను. పాట నవంబర్‌లో వచ్చినా సినిమా ఇంకా రాలేదు.

బీట్ బాబు

పాట నేను వింటున్నది ఇప్పుడు. సినిమా ఎప్పుడొస్తే నాకెందుకు? రేపు సినిమా ఆగిపోతే పాట విననట్టా?

నిర్వాహకుడు

పాట ఏ ఏడాదిది అన్న చర్చకు వేరే థ్రెడ్ తెరిచాను, బీట్ బాబు గారు అక్కడికి రావాలి. ఇక్కడ డబ్బింగ్ విషయమే మాట్లాడండి. అలాగే "మద్రాసు గాలి సోకిన తెలుగు" అని ఒకాయన రాసిన వ్యాఖ్య తొలగించాను. ఇక్కడున్న అందరికీ ఆ గాలే సోకింది.

ట్రాక్ పాడేవాడు

గోదారి గళం అన్నకి ఒకే ఒక్క ప్రశ్న, తర్వాత నేను రికార్డింగ్‌కి పోవాలి. 'చుట్టమల్లే' మీ జాబితాలో ఉందా?

గోదారి గళం

ఉంది. మూడో స్థానం. దేవర తెలుగు సినిమా, అందులో తప్పేముంది?

ట్రాక్ పాడేవాడు

తప్పేం లేదు. బాణీ ఈ ఊరి అనిరుధ్‌ది. పాడింది శిల్పా రావు, ఆవిడది జంషెడ్‌పూర్. మాట రామజోగయ్య శాస్త్రి గారిది. హే రంగులే బాణీ ఈ ఊరి జి.వి. ప్రకాశ్‌ది. పాడింది తెలుగువాళ్లు. మాట అదే శాస్త్రి గారిది. రెండూ సినిమా పక్కన పెట్టి, కళ్లు మూసుకుని, కేవలం పాటగా వినండి. ఏది ఎక్కడ పుట్టిందో తెలియని మనిషికి రెండూ వినిపించి, డబ్బింగ్ ఏదో చెప్పమనండి. నేను మా అక్కయ్యకి ఇలాగే వినిపించాను. చుట్టమల్లేని డబ్బింగ్ అంది.

గోదారి గళం

మీ అక్కయ్య గారికి నమస్కారం. ఆవిడ చెవికి తెలియనంత మాత్రాన పుట్టుక మారదు కదా మాస్టారూ. అయినా మీ మాటతో ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. స్ట్రెయిట్ పాట అని నేను అంటున్నదాంట్లో కూడా తెలుగు ఎంత మిగిలిందో చూసుకోవాల్సిన పరిస్థితి వచ్చింది. అందుకే నాకు గుమ్మా మీద అంత పట్టు. టిల్లు స్క్వేర్‌లో 'టికెట్టే కొనకుండా' కూడా అందుకే ఇష్టం. రామ్ మిరియాల బాణీ కట్టి తనే పాడాడు, కాసర్ల శ్యామ్ మాటలు, వింటుంటే పక్కింటి కుర్రాడు మన భుజం మీద చెయ్యేసి ఎకసెక్కాలాడుతున్నట్టే ఉంటుంది. అలాంటివి జాబితా నిండా ఉండాలి. డబ్బింగ్‌కి చోటు లేకపోవడం ద్వేషంతో కాదు, చోటు చాలక.

రెండో తరం

అన్నా, గుమ్మా ఇప్పుడే విన్నాను. బాగుంది. యాస మాత్రం సగం అర్థం కాలేదు, అమ్మని అడిగి రాసుకున్నాను. నా జాబితాలో ఏడో స్థానం ఇస్తున్నా. హే మిన్నలే మాత్రం ఒకటే, తమిళంగానే. నా జాబితా పేరు "నేను విన్న పది" అంతే, భాష పేరు పెట్టలేదు.

మాంబళం మనిషి

నేనూ గుమ్మా మళ్లీ విన్నాను. పదకొండో స్థానం దానిది. పదిలోకి తీసుకురావాలంటే శ్రీమతి గారినో టికెట్టే కొనకుండానో దించాలి, దానికి నాకు మనసొప్పదు. మొహమాటానికి జాబితా మార్చను.

హే రంగులే మొదటి స్థానంలోనే ఉంటుంది. ఒక్క మార్పు చేశాను. ప్రతి పాట పక్కన బాణీ ఎవరిది, మాట ఎవరిది, గొంతు ఎవరిది, మొదట ఏ భాషలో వచ్చింది అని రాశాను. హే రంగులే పక్కన 'మొదట తమిళంలో' అని ఉంది. దాన్ని చూసి ఎవరికి కావాల్సింది వాళ్లు కొట్టేసుకోవచ్చు. ట్రాక్ పాడేవాడు గారు అడిగినట్టు రచయిత పేరు మాత్రం అన్నిటికంటే ముందు వేశాను.

గోదారి గళం

మొదట తమిళంలో అని నీ చేత్తో నువ్వే రాసి, తెలుగు పాటల్లో మొదటిది అని పైన శీర్షిక ఉంచావు. ఆ రెండు లైన్లూ ఒకదానికొకటి ఎలా పొసగుతాయో నువ్వే చూసుకో అన్నా.

జనవరి 1న నా జాబితా పెడతాను. మొదటి స్థానం గుమ్మా. డబ్బింగ్ పాట ఒక్కటీ ఉండదు. తీరిక చేసుకుని అందరూ వచ్చి తిట్టండి.

బీట్ బాబు

కుర్చీ ఎన్నో స్థానం బ్రో?